మూడో తూము దగ్గర నైవేద్యం

మా ఊరి పక్కనుంచి పోయే పెద్ద కాలవకు పడమటి గట్టు మీద గ్రావెల్ రోడ్డు ఉంది. ఊరి వంతెన దగ్గర మొదలై జామాయిల్ తోటలు, జీడితోటలు దాటి, కొండ కింద అడవిలోంచి వెళ్ళి, లాకుల దగ్గర ఆగిపోతుంది. మొత్తం పద్నాలుగు కిలోమీటర్లు. కాలవ చూసుకునే ఆఫీసు వాళ్ళ జీపు కోసం వేసిన రోడ్డది. వంతెన దగ్గర ఇనప గొలుసు కట్టి తాళం వేసి ఉంటుంది కాబట్టి మరే బండీ రాదు. మేకలు వస్తాయి. ఆదివారం పొద్దున్న మా బామ్మర్ది త్రినాథ్ సైకిలు వస్తుంది.

త్రినాథ్ రాజాంలో ఒక కాలేజీలో లాబ్ అసిస్టెంటు. ఇరవై తొమ్మిదేళ్ళు, పెళ్ళి కాలేదు. రెండేళ్ళ కిందట రాజాం నుంచి మా ఊరికి తారు రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ వస్తుంటే వెనకనుంచి లారీ రాసుకుపోయింది. పంతొమ్మిది రోజులు విశాఖపట్నం ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణం దక్కింది. ఎడం చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి మిషను పెట్టుకుని, దగ్గరగా వచ్చి మాట్లాడితే వినపడుతుంది. వెనకాల వచ్చే బండి చప్పుడు వాడికి తెలియదు. అందుకే ఇక ఏ రోడ్డు మీదా సైకిలు ఎక్కనని వాళ్ళ అప్ప, అంటే నా భార్య ధనలక్ష్మి, వాడిచేత ఒట్టు వేయించుకుంది.

ఆరు నెలలు ఒట్టు మీద నిలబడ్డాడు. ఆ ఆరు నెలలూ మనిషి మనిషిలా లేడు. కాలేజీ, గది, మంచం. నలుగురిలో కూర్చుంటే ఏటేటని అడగలేక నవ్వుతూ తలూపేవాడు. ఆ నవ్వు చూడలేక కాలవ గట్టు సంగతి నేనే గుర్తు చేశాను. "అక్కడ ఎనకాల ఏ బండీ రాదురా" అన్నాను.

విశాఖలో ఎవరి దగ్గరో పాతది ఒక గ్రావెల్ సైకిలు కొన్నాడు. లావు టైర్లు, మెలితిరిగిన హేండిలు. దాన్ని మా వసారాలో పెట్టుకుని శనివారం సాయంత్రం బస్సులో వచ్చేవాడు. ఆదివారం తెల్లవారుతూనే గట్టెక్కితే ఎనిమిదింటికి తిరిగొచ్చేవాడు. గట్టు మీద మేకలు కాసే తవిటమ్మ ప్రతివారం ఒకటే అడిగేది.

"ఒరే, ఆ గొర్రిపోతు కొమ్ములట్టుకుని వంగిపోయి ఎక్కడికెల్తన్నావురా?"

వాడికి వినపడకపోయినా ఆవిడ పెదాలు చూసి ప్రతివారం ఒకటే జవాబు చెప్పేవాడు. "నీ మేకలకి సంబంధం సూడ్డానికి."

ఒకసారి నన్నూ బయల్దేరదీశాడు. నా పాత సైకిలు మీద వాడి వెనకాల మూడో తూము దాకా వెళ్ళాను. ఆరు కిలోమీటర్లకే నా పని అయిపోయింది. తూము మీద సిమెంటు పలక ఉంది. దాని మీద కూలబడితే వాడు పక్కన కూర్చుని తన అరచేతులు రెండూ చూపించాడు.

"గ్రావెల్ టైరు కింద నలుగుతాది సూడు బావా, ఆ సప్పుడు నాకు సెవిలోంచి రాదు. హేండిలు నుంచి సేతుల్లోకి వస్తాది. ఇసకుంటే ఒకలాగ, రాయుంటే ఒకలాగ. ఇక్కడ నేను సెవిటోణ్ణి కాదు."

ఆ మాటకు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కాలవ వైపు తిరిగి మొహం కడుక్కున్నాను.

ఇప్పుడు నా మొక్కు సంగతి చెప్పాలి. నేను పదో తరగతి దాకా చదివిన వాణ్ణి. ఊళ్ళో పిండిమర నడుపుతాను. రోజూ వినాయకుడి పటానికి రెండు గరికపోచలు పెట్టనిదే మర స్విచ్చి వేయను. త్రినాథ్ ఆసుపత్రిలో తెలివి లేకుండా పడి ఉన్నప్పుడు బయట కుర్చీలో కూర్చుని మొక్కుకున్నాను. స్వామీ, వీడు లేచి తిరిగితే ఇరవయ్యొక్క బుధవారాలు ఇరవయ్యొక్క అరటిపళ్ళు నా చేత్తో నీకు తినిపిస్తాను అని. నైవేద్యం పెడతాననలేదు. తినిపిస్తానన్నాను. ఆ వేళప్పుడు నోట అదే వచ్చింది. పటానికి ఎలా తినిపిస్తాం? అలా నానుస్తూ నానుస్తూ మొక్కు తీర్చనే లేదు. వాడికి జలుబు చేసినా నాకు భయం వేసేది.

ఈ ఏడు జ్యేష్ఠమాసంలో మా వైపుకు ఏనుగు వచ్చింది. ఒరిస్సా కొండల నుంచి దిగిన గుంపులోంచి విడిపోయిన ఒంటి మగ ఏనుగు. చెరకు తోటలూ మొక్కజొన్న చేలూ తిరిగి, ఒకరోజు మూడో తూము దగ్గర గట్టెక్కింది. మెత్తటి గ్రావెల్ మీద దాని అడుగు పళ్ళెమంత పడింది. ఊళ్ళో ఆడవాళ్ళు వెళ్ళి ఆ అడుగుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. నేనూ వెళ్ళాను. ఆ అడుగు ముందు నిలబడ్డాను. తినిపిస్తానన్నావు కదా, వచ్చాను అని ఎవరో చెప్పినట్టే అనిపించింది.

ఆ బుధవారం చీకటి పడకముందే వెళ్ళి ఇరవయ్యొక్క అరటిపళ్ళు, బెల్లం ముక్క, రెండు కొబ్బరి చెక్కలు తూము పలక మీద పెట్టి దణ్ణం పెట్టుకుని వచ్చాను. మర్నాడు చూస్తే పలక తుడిచినట్టుంది. అంత ఆనందం నాకు నా పెళ్ళి రోజున కూడా లేదు. ధనలక్ష్మికి చెబితే ఆమె ఏడ్చింది. పైవారం నుంచి పళ్ళు ఆమే కడిగి బుట్టలో సర్దేది. త్రినాథ్‌కు చెప్పలేదు. మొక్కు పూర్తయ్యాక చెబుదామనుకున్నాం.

ఏనుగు వెంబడి తిరిగి ఊళ్ళకు కబురు చెప్పే ట్రాకర్లు ఉంటారు. మా వైపు వచ్చేవాడి పేరు లక్ష్ముడు, కొండ మీద సవర గూడెం మనిషి. ఒకసారి పిండి ఆడించుకోవడానికి వచ్చి, మర ఆగేదాకా ఉండి మాట్లాడాడు.

"బాబూ, మూడో తూము కాడ ఎవులో పళ్ళెడతన్నారు. మీకేటైనా తెలుసా?"

"నాకేటి తెలుస్తాది?" అన్నాను. మొహం మీద పిండి ఉంది కాబట్టి నా రంగు మారడం అతనికి కనిపించి ఉండదు.

"ఎవులైనా మానీమని సెప్పండి. అది దారీ మరిసిపోదు, సోటూ మరిసిపోదు. ఓపాలి తిండి దొరికితే రోజూ వచ్చి సూస్తాది."

"దేవుడు కదా లక్ష్ముడూ, భక్తి కొద్దీ పెట్టుంటారు."

"దేవుడే అవనీ బాబూ. మీ దేవుడికి ఆకలేస్తే ఊర్లోకి రాడు. ఇది వస్తాది."

ఆ మాట నన్ను వదల్లేదు. అయినా మరో నాలుగు బుధవారాలు పెట్టాను. మొక్కు సగంలో ఆపితే త్రినాథ్‌కు ఏమవుతుందోనని భయం. పెడితే ఏమవుతుందోనని ఆలోచన రాలేదు. బుధవారానికీ ఆదివారానికీ మధ్య మూడు రోజులున్నాయి కదా అనుకున్నాను. పన్నెండు బుధవారాలు అయ్యాయి. వినాయక చవితి వెళ్ళిన వారం ఏనుగు ఒకరి పాక పడగొట్టిందని తెలిసింది. పదమూడో బుధవారం ధనలక్ష్మి బుట్ట సర్ది ఇస్తే, తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఇంట్లో పటం ముందే పెట్టాను. స్వామీ, మిగతావి ఇక్కడే తీసుకో అన్నాను.

ఆ పైన వచ్చిన ఆదివారం అయిదున్నరకు త్రినాథ్ బయల్దేరాడు. చెవి మిషను తీసి దేవుడి గూట్లో పెట్టాడు. గాలికి అది హోరుమంటుందని సైకిలు ఎక్కేటప్పుడు పెట్టుకోడు. టీ తాగుతూ వాళ్ళ అప్పను ఆటపట్టించాడు. "మా బావ ఈ మధ్య అరటిపండు ముట్టుకోడేటే అప్పా? ఇల్లంతా అరటిపళ్ళ వాసనే గాని ఒక్క పండూ కనపడదు."

ధనలక్ష్మి నా వైపు చూసింది. నేను గ్లాసులోకి చూశాను.

ఆరున్నరకు లక్ష్ముడు మోటారు సైకిలు మీద ఊళ్ళోకి వచ్చి రామమందిరం దగ్గర కేకేశాడు. ఏనుగు మొక్కజొన్న వదిలి జీడితోటలోకి దిగిందని, కాలవ గట్టుకు ఎవరూ వెళ్ళొద్దని. నేను పరిగెత్తాను.

"మా బామ్మర్ది గట్టు మీదున్నాడు."

"ఫోన్ సెయ్యండి."

చేశాను. మోగింది. మళ్ళీ చేశాను, మళ్ళీ మోగింది. వాడి వీపు మీద సంచిలో అది మోగుతూనే ఉంటుందని నాకు తెలుసు. అయినా చేస్తూనే ఉన్నాను.

"ఇప్పుడికి లాకుల కాణ్ణించి తిరిగుంటాడు" అన్నాడు లక్ష్ముడు. "ఎక్కండి."

వంతెన దాటబోతాడనుకుంటే తూర్పు గట్టు మీదికి తిప్పాడు. అది కాలిబాట.

"అటు కదా" అన్నాను.

"ఆ గట్టెంబడి బండేసుకుని ఎల్తే సప్పుడుకి అది ముందుకి జరుగుతాది. ముందు మీ బామ్మర్దున్నాడు."

మూడో తూముకు ఎదురుగా, ఇవతలి గట్టు మీద బండి ఆపి దిగాం. కాలవ నిండుగా ఉంది. అవతలి గట్టు ఎంతో దూరం లేదు. ఊళ్ళో ఎదురింటి అరుగు మీద మనిషిని పిలిచినంత దూరం. జీడిచెట్ల మధ్య బూడిదరంగు గోడలాంటిది ఒకటి కదిలింది. తర్వాత చెవి కనిపించింది.

అది మెల్లగా గట్టెక్కింది. తూము దగ్గరకు వచ్చి పలక మీద తొండం పెట్టింది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, మా ఆవిడ చేటలో బియ్యం వెతికినట్టు, నిదానంగా తడిమింది. ఏమీ లేదు. కాసేపు ఆగి మళ్ళీ తడిమింది. లక్ష్ముడు పలక వైపు చూసి, తర్వాత నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"వస్తన్నాడు" అన్నాడు.

అడవి మలుపులో చుక్కలా కనిపించాడు త్రినాథ్. నీలం చొక్కా. వంగి తొక్కుతున్నాడు. గ్రావెల్ మీద తొక్కేవాడు కళ్ళు నేల మీద పెట్టాలి, దూరం చూడడు. మధ్యలో దారి చిన్న వంపు తిరుగుతుంది, అక్కడ తుమ్మపొద ఉంది. ఆ పొద దాటేదాకా వాడికి తూము కనపడదు.

నేను అరిచాను. వాడి పేరు పెట్టి, నాకున్న గొంతంతా పెట్టి అరిచాను. ఏనుగు చెవులు మా వైపు తిరిగాయి. వాడు తిరగలేదు. ఊళ్ళో అందరికీ వినపడే గొంతు నాది, మర నడుస్తుంటే కూడా వినపడుతుంది. తువ్వాలు తీసి ఊపాను. మా వెనకాల సూర్యుడు పైకెక్కుతున్నాడు. వాడు ఒకవేళ ఇటు చూసినా వెలుగు తప్ప ఏమీ కనపడదు.

"టపాకాయ కాల్చు లక్ష్ముడూ. నీ దగ్గరున్నాయి కదా."

"కాలిస్తే ఎటు పరిగెడతాదో నాకు తెల్దు బాబూ. అటు తోట కంచె, ఇటు కాలవ. కాళీగా ఉన్నది రోడ్డొక్కటే."

"మరేటి సెయ్యాలి?"

అతను చొక్కా విప్పాడు.

నేను దేవుణ్ణి తలుచుకోబోయాను. పొద్దున్న లేస్తూనే నోట వచ్చే పేరు ఆ వేళ రాలేదు. కాపాడమని ఎవరిని అడగాలి? ఎవరి నుంచి కాపాడమని అడగాలి? ముప్పయ్యేళ్ళుగా పటంలో చూసిన ముఖం అవతలి గట్టు మీద నిలబడి ఉంది. అదే తొండం, అవే చెవులు. నేను ఇస్తానన్న పళ్ళ కోసం వచ్చింది. నాకు వాడి సైకిలు కదలడం కనిపిస్తోంది, ఏనుగు కదలడం కనిపిస్తోంది, నా చేతిలో తువ్వాలు ఉంది. అంతే.

త్రినాథ్ పొద దాటాడు. తలెత్తాడు. బ్రేకు పట్టేసరికి గ్రావెల్ జారింది. సైకిలు అడ్డంగా పడి వాణ్ణి ఎడం భుజం మీదికి ఈడ్చింది. దుమ్ము లేచింది. ఏనుగు తొండం ఎత్తి ఒకసారి అరిచింది. వాడికి అది కూడా వినపడలేదు. ఏనుగు నాలుగు అడుగులు వేగంగా వేసింది. వాడు సైకిలు వదిలేసి, పడ్డవాడు పడ్డట్టే గట్టు మీద జారి కాలవలో పడ్డాడు.

నాకు ఈత రాదు. లక్ష్ముడు అప్పటికే కాలవ పోయే వైపు పరిగెడుతున్నాడు. కొద్ది దూరంలో పశువులు దిగే రేవు ఉంది. నీళ్ళు వాణ్ణి అటే తెస్తున్నాయి. ఒక చెయ్యి ఆడుతోంది, ఒకటి ఆడడం లేదు. తల మునుగుతోంది, తేలుతోంది. లక్ష్ముడు దూకి జుట్టు పట్టుకున్నాడు. నేను నడుం లోతు దాకా దిగి తువ్వాలు విసిరాను. ఎలా ఒడ్డుకు చేరామో నాకు సరిగ్గా గుర్తు లేదు. గుర్తున్నది ఒకటే. ఒడ్డున కూర్చుని వెనక్కి చూస్తే, ఏనుగు సైకిలు చక్రం మీద కాలు వేసి, తీసి, మళ్ళీ తూము దగ్గరకు వెళ్ళి పలక తడుముతోంది.

ఎడం జబ్బ పైన ఎముక విరిగింది. రాజాంలో కట్టు కట్టించి మా ఇంటికే తెచ్చాం. రెండు రోజులకు వంతెన దగ్గర మట్టి గుట్టలు పోసి బోర్డు పెట్టారు. ఏనుగు ఈ వైపు వదిలి వెళ్ళేదాకా గట్టు మీద ఎవరూ తిరగకూడదని. ఎప్పుడు వదులుతుందని లక్ష్ముణ్ణి అడిగాను. "ఒకేడు అవ్వచ్చు, నాలుగేళ్ళవ్వచ్చు. దాన్ని అడగాలి" అన్నాడు.

వంకరపోయిన సైకిలు వసారాలో గోడకు ఆనించి ఉంది. తవిటమ్మ చూడ్డానికి వచ్చి, మేకలకి సంబంధం ఏటయిందిరా అని గట్టిగా అడిగితే, త్రినాథ్ మునుపు నలుగురిలో నవ్వే ఆ నవ్వు నవ్వాడు. ఆమె వెళ్ళాక నన్ను అడిగాడు.

"నాకొకటే తెల్దు బావా. ఆ సోటుకి దానికేటి పని? పంట నేదు, సెరుకు నేదు. ఏడాదిన్నర తిరిగినాను, ఎప్పుడూ నేదు."

అప్పుడే చెప్పవలసింది. నీళ్ళు తాగుతావా అని అడిగాను.

ఆ సాయంత్రం ధనలక్ష్మి దొడ్లో అంట్లు తోముతూ, చెయ్యి ఆపకుండానే అంది. "సెప్పకండి. ఆడికున్నదే ఒక్క దారి. అది పోయింది. ఇప్పుడు మనమూ పోతే ఆడికెవలున్నారు?"

"మనం పోవడమేటి?"

"ఆడు ఎల్లిపోతాడండి. మళ్ళీ ఈ గుమ్మం తొక్కడు. నాకు తెలుసు ఆడి సంగతి."

ఆమె చెప్పింది నిజమే అయి ఉండవచ్చు. ఆ రాత్రీ మర్నాడూ ఆలోచించాను. పళ్ళు పెట్టడం తప్పా? ఆపడం తప్పా? పన్నెండు వారాలు పెట్టినందుకు వచ్చిందా, పదమూడో వారం పెట్టనందుకు కోపగించిందా? లక్ష్ముణ్ణి అడిగితే ఆకలి అంటాడు. పూజారిని అడిగితే మొక్కు అంటారు. నేను తినిపించినది స్వామికో, అడవి జంతువుకో, నా భయానికో నాకే తేలలేదు. పటం ముందు గరిక పెట్టాను. ఆయనేమీ చెప్పలేదు. ఎప్పుడూ చెప్పలేదు. చెప్పినట్టు నేనే అనుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం మర కట్టేసి ఇంటికి వచ్చాను. త్రినాథ్ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఎడం జబ్బ విరిగింది కాబట్టి కుడివైపే పడుకోవాలి. మంచి చెవి దిండు కిందికి పోతుంది, పోయిన చెవి పైకి ఉంటుంది. మిషను గూట్లో ఉంది. నేను మంచం పట్టె మీద, వాడి వీపు వెనకాల కూర్చున్నాను.

చెప్పాను. ఆసుపత్రి కుర్చీ నుంచి మొదలుపెట్టి చెప్పాను. మొక్కు, అడుగు, పలక, అరటిపళ్ళు, లక్ష్ముడు అడిగినప్పుడు ఆడిన అబద్ధం. చిన్నగా, వాడి వీపుకు చెప్పాను. వాడికి వినపడదని తెలిసే చెప్పాను. అలాగైనా నోట్లోంచి బయటకు పోతే చాలనుకున్నాను. గుమ్మంలో ధనలక్ష్మి నిలబడి ఉందని మధ్యలో ఎప్పుడో తెలిసింది. ఆపమనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అంతా అయిపోయాక లేవబోయాను. త్రినాథ్ కదలకుండానే అరచెయ్యి తీసి మంచం పట్టె మీద ఆనించాడు.

"ఏటో సెప్తన్నావు బావా" అన్నాడు. "మంచం అదురుతోంది. ఇందాకట్నించి అదురుతోంది."

నేను మళ్ళీ కూర్చున్నాను.

"ఎనకాల కూకుని సెప్తే నాకేటి తెలుస్తాది? ఇటొచ్చి సెప్పు."

అటు వెళ్ళడానికి చోటు లేదు. మంచం గోడను ఆనుకుని ఉంది. గూట్లోంచి మిషను తీసి వాడి చేతికిచ్చాను. వాడు దాన్ని గుప్పిట్లో పెట్టుకుని, గోడ వైపే చూస్తూ ఉన్నాడు. నేను తలవైపు మంచం కోడు పట్టుకున్నాను. ఒక్కణ్ణి లాగితే వాడి జబ్బ కదులుతుంది. ధనలక్ష్మి గుమ్మంలోంచి వచ్చి, నా మొహం చూడకుండా, కాళ్ళవైపు కోడు పట్టుకుంది. ఇద్దరం కలిసి మంచాన్ని గోడ నుంచి మెల్లగా, ఒక మనిషి కూర్చునేటంత, ఇవతలికి జరిపాం.